మార్కులు తెచ్చిన పిల్లలు - మన బాధ్యత

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పదవ తరగతిలోను, ఇంటర్‌లోను మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం మన ఆనవాయితీ. ఈసారి విద్యా ఉపసంఘాన్ని మాట్లాడమన్నారు. మేము పిల్లలకు హితబోధ చేయదలచుకోలేదు. వాళ్ళ పని వాళ్ళు చేశారు, మార్కులు తెచ్చారు. మిగిలిన పని పెద్దలది. ఆ పనిలో మేము ఎక్కడ పొరపాటు పడ్డామో, ఏమి నేర్చుకున్నామో మీ ముందు పెట్టడానికే వచ్చాము.

ముందుగా మా తప్పు చెప్పుకుంటాము. కొన్ని సంవత్సరాల క్రితం ఇదే వేదిక మీద ఒక అబ్బాయికి శాలువా కప్పాము. తండ్రి మండిబజారులో బట్టలు కుట్టే మనిషి. ఇంటర్‌లో చాలా మంచి మార్కులు వచ్చాయి. వేరే ఊరిలోని ఒక ప్రైవేటు విద్యాసంస్థ ఆ అబ్బాయికి ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ అన్నది. అందరం చప్పట్లు కొట్టాము. మైకులో ఆ సంస్థ పేరు కూడా రెండుసార్లు చదివాము. రెండవ సంవత్సరం మధ్యలో ఆ తండ్రి మా గదికి వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "భాయ్, ఫ్రీ అన్నరు గదా, ఇప్పుడు మొత్తం కట్టమంటున్నరు" అన్నాడు. కాగితం తిప్పి చూస్తే వెనుక పేజీలో చిన్న అక్షరాలలో ఇంగ్లీషులో ఉంది: ప్రతి సెమిస్టరులోను పదికి తొమ్మిది గ్రేడు నిలబెట్టుకుంటేనే మాఫీ. అబ్బాయికి 8.4 వచ్చింది. చెడ్డ మార్కేమీ కాదు. కాని షరతు షరతే. అబ్బాయి చదువు ఆగలేదు, అల్‌హందులిల్లాహ్. అయితే ఆ సంవత్సరం ఫీజు కోసం తల్లి మెడలోని లచ్ఛా అమ్మవలసి వచ్చింది.

ఆ కాగితం మీద తండ్రి సంతకం చేసిన రోజున ఆయనకు ఇంగ్లీషు రాదు. మాకు వచ్చు. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళం శాలువా కప్పాము గాని, కాగితం వెనుక పేజీ చదవలేదు. ఆనాటి నుంచి మా ఉపసంఘం ఈ విషయం మీద కొంచెం శ్రద్ధగా పనిచేస్తున్నది. తెలుసుకున్నది చెబుతాము.

మొదటి ప్రశ్న: మార్కులు చూసి ఫీజు తగ్గించే కళాశాలలు అసలు ఎందుకు తగ్గిస్తాయి? దయతోనా? కొన్నిచోట్ల దయ ఉండవచ్చు. ఎక్కువ చోట్ల అది లెక్క. మంచి మార్కుల విద్యార్థి చేరితే కళాశాలకు పేరు వస్తుంది, ఫలితాలు మెరుగవుతాయి, ఉద్యోగాలిచ్చే కంపెనీలు వస్తాయి, మరుసటి సంవత్సరం పూర్తి ఫీజు కట్టే నలుగురు ఆ పేరు చూసి చేరతారు. ఇది మనకు కొత్తేమీ కాదు. పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులకు హనుమకొండ చౌరస్తాలో ఫ్లెక్సీలు చూడండి. ఏ పిల్లల ఫోటోలు అక్కడ ఎక్కుతాయో, వాళ్ళలో కొందరికి ఇంటర్ ఫీజు తగ్గించి చేర్చుకున్నారని మనకందరికీ తెలుసు. ఫోటో పిల్లవాడిది, ప్రచారం కాలేజీది.

ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. ఇచ్చేవాడికి అవసరం ఉన్నది, తీసుకునేవాడికీ అవసరం ఉన్నది. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చిన రైతు మొదటి అడ్తిదారు చెప్పిన ధరకే బస్తాలు దింపేసి ఇంటికి పోతాడా? నాలుగు దుకాణాలు అడుగుతాడు. మన పిల్లల రెండేళ్ళ కష్టాన్ని మాత్రం మనం మొదట ఫోన్ చేసిన ఏజెంటుకు అప్పగించి వస్తున్నాము.

దీని నుంచి ఒక సూత్రం వస్తుంది. అందరికన్నా పైనున్న సంస్థకు మన పిల్లవాడి మార్కులు అపురూపం కాదు. అక్కడికి వచ్చేవాళ్ళందరివీ అటువంటి మార్కులే. కనుక ఆ స్థాయి సంస్థలు సాధారణంగా ఇంటి ఆదాయం చూసి సాయం చేస్తాయి. వాటికి ఒక మెట్టు క్రింద ఉండి, పైకి రావాలని చూస్తున్న సంస్థలు మార్కులు చూసి ఇస్తాయి. ప్రపంచమంతటా ఇదే తీరు. అమెరికాలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి. వంటివి డిగ్రీ విద్యార్థులకు మార్కుల మీద ఉపకార వేతనం ఇవ్వవు. కుటుంబ ఆర్థిక స్థితి చూసి ఇస్తాయి, విదేశీ విద్యార్థులకు కూడా. మార్కుల మీద ఇచ్చేవి అక్కడ వేరే కళాశాలలు, తరచు ఎవరూ పేరు వినని మంచి కళాశాలలు. అందుచేత "మెరిట్ స్కాలర్‌షిప్పు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవారికి మా జవాబు ఇది: మీ పిల్లవాడి ర్యాంకు ఎక్కడ మామూలు ర్యాంకులకంటే పైన ఉంటుందో అక్కడ దొరుకుతుంది. అయితే దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. అసలు స్కాలర్‌షిప్పు అన్న పేరే లేకుండా తక్కువ ఖర్చుతో చదువు చెప్పే చోటు మన ఇంటి దగ్గర ఉన్నదా?

ఉన్నది. మన ఊళ్ళోనే ఉన్నది.

1959 అక్టోబరులో పండిత నెహ్రూ కాజీపేట దగ్గర ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుసలో అదే మొదటిది. 2002లో అది ఎన్.ఐ.టి. అయింది. సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. ట్యూషన్ ఫీజు 2016 నుంచి సంవత్సరానికి 1,25,000 రూపాయలు. ఈ అంకె వినగానే మన ఆటో నడిపే సోదరుడు, కిరాణా దుకాణం సోదరుడు "అమ్మో" అని వెనక్కు తగ్గుతున్నాడు. అసలు నియమం వినండి. కుటుంబ వార్షికాదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మినహాయింపు. లక్ష నుంచి 5 లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మినహాయింపు. ఐ.ఐ.టి.లలోనూ ఇదే నియమం. దీనికి వేరే ర్యాంకు అక్కరలేదు. సీటు రావడమే అర్హత, ఆదాయ పత్రమే ఆధారం.

ఇప్పుడు పలక మీద లెక్క వేద్దాము. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సంవత్సరానికి 3,00,000 ఫీజు పెట్టి, మీ అమ్మాయికి సగం మాఫీ అన్నదనుకోండి. వినడానికి గొప్పగా ఉంటుంది. మీరు కట్టేది 1,50,000. నాలుగేళ్ళకు 6,00,000. ఎన్.ఐ.టి.లో మూడింట రెండు వంతులు పోగా కట్టేది సుమారు 41,700. నాలుగేళ్ళకు సుమారు 1,67,000. హాస్టలు, మెస్సు రెండు చోట్లా వేరుగా ఉంటాయి. కనుక "ఎంత తగ్గించారు?" అని అడగడం మానండి. "నాలుగేళ్ళకు నా జేబులోంచి ఎంత పోతుంది?" అని అడగండి. మా ఉపసంఘం నేర్చుకున్న పాఠాలలో మొదటిది ఇదే.

వైద్యం సంగతి కూడా అంతే. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లో ఏర్పడినదే. మన రాష్ట్ర ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కన్వీనరు కోటా ఎం.బి.బి.ఎస్. సీటుకు ట్యూషన్ ఫీజు సంవత్సరానికి 10,000 రూపాయల దగ్గర ఉంటూ వచ్చింది. ప్రైవేటు కాలేజీ యాజమాన్య కోటాలో అదే సీటు లక్షల మీద నడుస్తున్నది. నీట్‌లో నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకోవడానికి పిల్లవాడికి మరొక ఆరు నెలలు ప్రశాంతంగా చదువుకునే వీలు కల్పించడం కూడా ఒక స్కాలర్‌షిప్పే. అది ఇంట్లోవాళ్ళు ఇచ్చేది.

పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు బాసర సంగతి తెలుసుకోవాలి. 2008లో ఏర్పాటైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనమందరం బాసర ట్రిపుల్ ఐ.టి. అని పిలిచేది, పదవ తరగతి మార్కుల మీదనే పిల్లలను తీసుకుంటుంది. ఇంటర్‌తో కలిపి ఆరు సంవత్సరాల చదువు, అక్కడే వసతి. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజి ఇస్తుంది. పల్లెటూళ్ళ పిల్లలకోసం పెట్టిన సంస్థ అది. అంతకన్నా ముందు ఎనిమిదవ తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉన్నది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకు మాత్రమే. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి దాకా సంవత్సరానికి 12,000. మన శంభునిపేట, కరీమాబాదు, రంగశాయిపేట బడుల నుంచి ఈ పరీక్షకు ఎందరు కూర్చుంటున్నారని అడిగితే, "అదేం పరీక్ష?" అని తిరిగి మమ్మల్నే అడిగారు.

ఇక రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు. ఇది మీకు తెలిసినదే, ఈ సభలో సగం మంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు దానిమీదే చదివారు. మైనారిటీ, బి.సి. విద్యార్థులకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాలలో 2 లక్షలుగా ఉంటూ వచ్చింది. ఇంజనీరింగులో 10,000 లోపు ర్యాంకు తెచ్చుకున్నవారికి పూర్తి ట్యూషన్ ఫీజు, ఆ పై ర్యాంకుల వారికి 35,000 వరకు అన్న పద్ధతి ఉమ్మడి రాష్ట్రం చివరి సంవత్సరాల నుంచి వస్తున్నది. అంటే పది వేల ర్యాంకు గీత దాటడం, దాటకపోవడం మధ్య ఒక పేద కుటుంబానికి సంవత్సరానికి వేల రూపాయల తేడా. పిల్లలకు ఈ మాట పరీక్షకు ముందు తెలియాలి, ర్యాంకు వచ్చిన తరువాత కాదు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యంగా రావడం, కళాశాలలు సర్టిఫికెట్లు ఆపడం కూడా మనం చూస్తున్నదే. కనుక దానినే నమ్ముకొని కూర్చోకుండా మరొక దారి కూడా చూసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం నుంచి ఇంటర్‌లో తమ బోర్డులో పై ఇరవై శాతంలో నిలిచిన పిల్లలకు, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే, డిగ్రీలో సంవత్సరానికి 12,000 ఇచ్చే పథకం ఉన్నది. సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లలకు ఎ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి పథకం ఉన్నది. సంవత్సరానికి 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల వరకు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2024లో ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు డిగ్రీ చదువుకోసం సంవత్సరానికి 30,000 ఇచ్చే ఏర్పాటు చేసింది. ఏ రాష్ట్రాలకు వర్తిస్తుందో ఆ సంవత్సరం ప్రకటనలో చూసుకోవాలి. విదేశాల్లో పి.జి. చదవదలచిన మైనారిటీ పట్టభద్రులకు మన రాష్ట్రం 2015లో ముఖ్యమంత్రి పేరిట విదేశీ విద్యా పథకం పెట్టి, తరువాత సాయాన్ని 20 లక్షల వరకు పెంచింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2007లో మొదలైన కేంద్ర మైనారిటీ మెరిట్-కం-మీన్స్ స్కాలర్‌షిప్పుకు 2021-22 తరువాత కొనసాగింపు ఆమోదం రాలేదు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపివేశారు. ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్పులిచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయమని 2024 ఫిబ్రవరిలో ఆదేశం వచ్చింది. అయినా పాత కాగితాలు ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. "ఈ నెల చివరి తేదీ, మన పిల్లలందరికీ పంపండి" అని ఎవరో పంపుతారు, మనం నలుగురికి పంపుతాము, ఒక తల్లి కూలి మానుకొని ఇంటర్నెట్ సెంటరులో రోజంతా కూర్చుంటుంది. పంపేముందు తేదీ చూడండి. ఆగిపోయిన వాటిని గురించి బాధ ఉన్నది, దానిని చెప్పవలసిన చోట చెబుదాము. కాని ఉన్న వాటిని వదులుకోవడానికి ఆ బాధ సాకు కాకూడదు.

ఇప్పుడు మన ఇళ్ళలోని ఒక చిన్న విషయం చెబుతాము. చిన్నదే గాని, మా గదికి వచ్చిన దరఖాస్తులు ఎక్కువగా దాని దగ్గరే ఆగిపోయాయి. అది పేరు. పదవ తరగతి మెమోలో "ఎం.డి." అని ఉంటుంది. ఆధార్‌లో "మహమ్మద్". బ్యాంకు పుస్తకంలో "మొహమ్మద్". తండ్రి పేరు ముందు ఒకచోట "షేక్", మరొకచోట "ఎస్.కె.". ఆడపిల్లలకైతే "బేగం", "సుల్తానా", "ఫాతిమా" ఒక కాగితంలో ఉండి మరొక కాగితంలో ఉండవు. మనకు అందరూ ఒకటే మనిషి. కంప్యూటరుకు నలుగురు మనుషులు. డబ్బు మంజూరై కూడా ఖాతాలో పడకుండా తిరిగిపోతుంది. అందువల్ల చేతులు జోడించి అడుగుతున్నాము: పిల్లలు తొమ్మిదవ తరగతిలో ఉండగానే, పదవ తరగతి పరీక్ష పేర్లు బడి నుంచి పంపకముందే, అన్ని కాగితాలలో ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండేట్లు చూడండి. పదవ తరగతి మెమో అచ్చయిన తరువాత దానిని మార్పించడం తల ప్రాణం తోకకు తెస్తుంది.

రెండవ కాగితం ఆదాయ ధ్రువపత్రం. ఫలితాలు వచ్చిన తరువాత మీ సేవ దగ్గర వరుసలో నిలబడితే కౌన్సెలింగు తేదీ దాటిపోతుంది. ముందే తీసి ఉంచుకోండి, గడువు చూసుకోండి. మూడవది కుల ధ్రువపత్రం. 2007 చట్టం క్రింద మనలోని 14 వర్గాలకు బి.సి.-ఇ పేరున 4 శాతం వచ్చింది. 2010 మార్చిలో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. కాని అది రాష్ట్ర జాబితా. ఎన్.ఐ.టి., ఐ.ఐ.టి. వంటి కేంద్ర సంస్థలు కేంద్ర ఓ.బి.సి. జాబితానే చూస్తాయి. రెండూ ఒకటి కావు. మీ వర్గం కేంద్ర జాబితాలో ఉన్నదా లేదా అని ముందే విచారించండి. లేకపోతే 2019లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. పది శాతం కోటాకు అర్హత ఉన్నదేమో అడగండి. ఈ తేడా తెలియక, సీటు దాకా వెళ్ళి కాగితం చెల్లక తిరిగివచ్చిన పిల్లలు ఉన్నారు.

ఇక ప్రైవేటు సంస్థలు మార్కుల మీద రాయితీ ఇస్తామంటే వద్దనకండి. నిజంగా మేలు చేసేవి ఉన్నాయి. మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రాంగణం ఉన్న బిట్స్ పిలానీలో ప్రతిభకు ఇచ్చే సాయం, ప్రతిభతోబాటు పేదరికం చూసి ఇచ్చే సాయం రెండూ ఉన్నాయి. అయితే ఎక్కడైనా సంతకానికి ముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఒకటి, మాఫీ ఒక్క సంవత్సరమా, చదువు అయ్యేదాకానా? రెండు, నిలబెట్టుకోవడానికి ఎంత గ్రేడు రావాలి, ఒక్కసారి తప్పితే మళ్ళీ సంపాదించుకునే వీలున్నదా? మూడు, మాఫీ ట్యూషన్ ఫీజుకేనా, హాస్టలు, పరీక్ష, ప్రయోగశాల ఫీజులకు కూడానా? నాలుగు, ప్రతి సంవత్సరం ఫీజు పెరుగుతుందా, పెరిగితే మాఫీ కూడా పెరుగుతుందా? అయిదు, మధ్యలో మానివేస్తే కట్టిన డబ్బు, సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా? జవాబులు నోటి మాటగా వద్దు. కాగితం మీద తీసుకోండి. ఫోన్ చేసి "ఇవాళ సాయంత్రంలోగా కట్టకపోతే సీటు పోతుంది" అనే ఏజెంటుకు ఒకటే జవాబు: "మా సంఘంలో చూపించి చెబుతాం."

స్కాలర్‌షిప్పు షరతు ఎంత కఠినంగా ఉంటుందో అబ్దుల్ కలాం గారు తన ఆత్మకథలో చెప్పుకున్నారు. మద్రాసు ఎం.ఐ.టి.లో చదివే రోజుల్లో ఆయన చేసిన విమాన డిజైను పని నచ్చక, మూడు రోజుల్లో పూర్తి చేయకపోతే స్కాలర్‌షిప్పు ఆపివేస్తానని డైరెక్టరు శ్రీనివాసన్ గారు హెచ్చరించారట. కలాం గారు నిద్ర మాని పూర్తి చేశారు. అంతకుముందు ఆ కళాశాలలో చేరడానికి కావలసిన సుమారు వెయ్యి రూపాయలు ఇంట్లో లేకపోతే, అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఈ కథను మనం పిల్లలకు ఎప్పుడూ కష్టపడి చదవాలని చెప్పడానికే వాడుతున్నాము. పెద్దలు నేర్చుకోవలసిన సంగతి కూడా అందులో ఉన్నది. అంతటి ప్రతిభావంతుడికి కూడా చేరే రోజున చేతిలో డబ్బు కావలసి వచ్చింది. స్కాలర్‌షిప్పు వెనుక వస్తుంది, ఫీజు ముందు కట్టాలి. ఆ మధ్య కాలంలోనే మన ఇళ్ళల్లో నగలు పోతున్నాయి, అంతకన్నా దారుణంగా సీట్లు పోతున్నాయి.

ఆడపిల్లల విషయం చెప్పకుండా ముగించలేము. మా గదికి వచ్చే మార్కుల జాబితాలలో పైన ఉన్న పేర్లు ఎక్కువగా ఆడపిల్లలవే. దూరపు కళాశాలకు వెళ్ళే జాబితాలో ఆ పేర్లు కనబడవు. కరీమాబాదులో ఒక ఇంటికి వెళ్ళాము. తండ్రి ఆటో నడుపుతాడు. అమ్మాయికి ఎన్.ఐ.టి.లో సీటు వచ్చే ర్యాంకు వచ్చింది. వరంగల్ సీటే వస్తుందన్న భరోసా లేదు, వేరే రాష్ట్రంలో రావచ్చు. "ఇక్కడ్నే ఏదో కాలేజీల ఫ్రీగ చదువుతది, మల్ల అంత దూరం ఎందుకు?" అన్నాడు తండ్రి. మేము వాదించలేదు. కాగితం, పెన్సిలు తీసి లెక్క వేశాము. తరువాత మా సభ్యులలో ఒకరి భార్య, తమ అమ్మాయిని హాస్టలులో ఉంచి చదివించిన తల్లి, ఆ ఇంటి తల్లితో లోపలి గదిలో గంటసేపు మాట్లాడింది. లెక్కలు తండ్రిని ఒప్పించాయి, ఆ గంట తల్లిని ఒప్పించింది. అమ్మాయి చేరింది. ఇప్పుడు సెలవులకు వచ్చినప్పుడు మా గదిలో కూర్చొని చిన్నవాళ్ళ దరఖాస్తులు నింపిపెడుతున్నది. 1895లోనే హైదరాబాదు నుంచి ఒక పదహారేళ్ళ అమ్మాయి నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండుకు చదువుకోసం వెళ్ళింది. ఆమెయే సరోజినీ నాయుడు. ఆనాడు ఓడలో సముద్రం దాటి వెళ్ళిన దానికన్నా ఈనాడు కాజీపేటలో రైలెక్కి వెళ్ళడం కష్టమా?

సభ్యులారా, ఇక మా కోరికలు. మూడే మూడు.

మొదటిది, ప్రతి ఆదివారం జొహర్ నమాజు తరువాత సంఘం గది తెరిచి ఉంటుంది. ఫీజు మాఫీ కాగితం గాని, దరఖాస్తు గాని ఏదైనా తీసుకురండి. సంతకానికి ముందు తీసుకురండి. వెనుక పేజీ మేము చదువుతాము. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన పెద్దలు నెలకు ఒక్క ఆదివారం మాకు ఇవ్వండి.

రెండవది, ఖర్జె హసనా నిధి. చేరే రోజున కట్టవలసిన డబ్బును వడ్డీ లేకుండా ఇచ్చి, స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడు గాని, ఉద్యోగం వచ్చినప్పుడు గాని తిరిగి తీసుకునే నిధి. జకాత్ సొమ్ము విషయం ఉలేమాను అడిగి విడిగా నడుపుదాము. ఈ నిధికి మాత్రం శుభకార్యాలలో మనం పెట్టే ఖర్చులో ఒక దేగ్ బిర్యానీ ఖరీదు పక్కన పెడితే చాలు. ఒక దేగ్ ఒక పూటలో అయిపోతుంది. ఈ డబ్బు తిరిగివచ్చి మరొక బిడ్డకు పోతుంది.

మూడవది మాకు మేమే పెట్టుకున్న నియమం. ఇకమీదట ఈ వేదిక మీద ఏ బిడ్డకు శాలువా కప్పినా, ఆ బిడ్డ నాలుగేళ్ళ ఖర్చు లెక్క రాసిన కాగితం ఒకటి మా దగ్గర ఉంటుంది. ప్రతి సెమిస్టరుకు ఒకసారి ఫోన్ చేసి ఎట్లా ఉన్నావని అడుగుతాము. గ్రేడు తగ్గితే తిట్టడానికి కాదు, ట్యూషన్ ఎవరు చెప్పగలరో వెదకడానికి.

ఆజంజాహీ మిల్లు నడిచిన కాలంలో మన ఊళ్ళో తండ్రి కొలువు కొడుక్కు వస్తుందన్న ధైర్యం కొందరికి ఉండేది. మిల్లు పోయింది, ఆ ధైర్యమూ పోయింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలకు ఇవ్వడానికి భూములు లేవు, కొలువులు లేవు. వాళ్ళు తెచ్చుకున్న మార్కులే ఉన్నాయి. మన ధర్మంలో అవతరించిన మొదటి ఆదేశమే చదువును గురించినది. పిల్లలు ఆ ఆదేశాన్ని పాటించారు. వాళ్ళు చదివిన చదువుకు సరైన చోటు వెదికి పెట్టడం మన వంతు.

అబ్బాయి కాగితం వెనుక పేజీ చదవనందుకు ఆ దర్జీ సోదరుడిని ఈ సభాముఖంగా క్షమాపణ అడుగుతున్నాము. ఆయన ఈ సభలోనే ఉన్నారు. మా ఆదివారం గదికి తాళం తీసేది కూడా ఇప్పుడు ఆయనే.

అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్‌ను, మనకు ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.